దాసన్న సర్దిన వంటిల్లు

దాసన్నకు లోకంలో రెండే గొప్పలు. ఒకటి ఆయన సంచి, రెండోది ఆయన సర్దుడు.

సంచి అంటే పనిముట్ల సంచి. మందపాటి కాన్వాసు గుడ్డతో భార్య విశ్వాసమ్మ కుట్టిచ్చింది. కడపలో ఎవరింట్లో కుళాయి కారినా, మోటారు మొరాయించినా, ఫ్యాను గొణిగినా ఆ సంచి భుజాన వేసుకుని సైకిలు మీద వెళ్ళేవాడు. వంటింటి గట్టు కింద వెల్లకిలా పడుకుని, రెండు కళ్ళూ కారుతున్న పైపు మీదే పెట్టి, కుడిచెయ్యి వెనక్కి చాచి సంచిలో దూర్చేవాడు. స్పానరు కావాలంటే స్పానరే వచ్చేది, టేపు కావాలంటే టేపే వచ్చేది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా సంచిలోకి తొంగిచూసిన పాపాన పోలేదు.

ఇక సర్దుడు తల్లి దగ్గర నేర్చుకున్న విద్య. ఆవిడ పేరు వరమ్మ. ఆదోని పక్క పల్లె నుంచి వచ్చి ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. "ఒకరింట్లోకి నువ్వు ఎట్ల పోతివో ఎవురూ చూడరు నాయనా. వచ్చేటప్పుడు ఎట్ల ఇడిసిపెట్టి వస్తివో, అది చూస్తారు" అని కొడుక్కి చెప్పింది. పాపం, ఆ తల్లి చెప్పింది కసువు ఊడ్చి రమ్మని. కొడుకు ఏకంగా ఇల్లే మార్చి వచ్చేవాడు. కుళాయి బాగుచేయడానికి పిలిస్తే కుళాయి బాగయ్యేది, దాంతోపాటు గట్టు తుడిచేవాడు, డబ్బాలు పెద్దవి ఒకవైపు చిన్నవి ఒకవైపు వరసగా పేర్చేవాడు, అడ్డంగా ఉన్న పీటలు గోడవారకు జరిపేవాడు. వీధుల్లోని ఆడవాళ్ళంతా మురిసిపోయేవాళ్ళు. "మా ఇంటాయన ఉండాడు, తాగిన లోటా గూడా తియ్యడు" అని దాసన్నను చూపించి మొగుళ్ళను దెప్పేవాళ్ళు. ఆ పొగడ్తలు విని దాసన్న కాలు నేల మీద ఆనేది కాదు.

అటువంటి దాసన్న మెడకు ఆ సర్దుడే చుట్టుకుంది. అది రెండువేల నాలుగో సంవత్సరం, ఎండాకాలం.

అమ్మవారిశాల వీధిలో శ్రీవిద్య అనే ఆమెకు ఎస్టీడీ బూతు ఉండేది. వయసు ముప్పై నాలుగు. ఐదేళ్ళప్పుడు తట్టు పోసి చూపు పోయింది. కోమటోళ్ళ ఇల్లు, తల్లిదండ్రులు ఇద్దరూ పోయారు. ముందుగదిలో బూతు, వెనక వంటిల్లు, పడకగది, పెరట్లో మోటారు, అంతే ఆమె రాజ్యం. ఆ రాజ్యంలో ఆమె గబగబా తిరుగుతుంటే కొత్తవాళ్ళు ఆమెకు చూపు లేదంటే నమ్మేవాళ్ళు కాదు. ఊళ్ళో సగం మంది ఫోను నంబర్లు ఆమె నాలుక మీద ఉండేవి.

ఆమెకు ఒకే ఒక అన్న, శివప్రసాద్. ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారం. కడప అమ్మవారిశాల గుడి కమిటీలో కూడా పెద్దమనిషి. మంచివాడే, కాకపోతే భయస్థుడు. తల్లి పోయిన రోజు నుంచి చెల్లెల్ని తన ఇంటికి వచ్చెయ్యమని పోరు. "ఆడికొస్తే నేను ఒక మూల కూర్చోవల్ల అన్నా. ఈడైతే నేను ఇంటి యజమానిని" అనేది ఆమె. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఏ ఇబ్బందీ లేకుండా నడిచినన్నాళ్ళు నడుస్తుంది. ఆమెకు దెబ్బ తగిలిన రోజు ఇంటికి తాళం. అలా ఆరేళ్ళు నిక్షేపంగా నడిచింది.

ఒక శుక్రవారం వంటింటి గట్టు కింద పైపు కారుతోందని ఆమె దాసన్నకు ఫోన్ చేసింది. ఆ ఇంటికి ఆయన రావడం అదే మొదటిసారి. శుక్రవారమంటే ఆ బూతుకు తిరునాళ్ళే. కువైట్‌లో సెలవు రోజు కాబట్టి, అక్కడ పనికి పోయినవాళ్ళతో మాట్లాడడానికి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు వీధి దాకా వరస కట్టేవాళ్ళు. శ్రీవిద్య దాసన్నను వంటింట్లో వదిలేసి బూతులో కూర్చుంది.

పైపు అరగంటలో బాగైంది. అక్కడితో సంచి సర్దుకుని వస్తే ఈ కథే లేదు. కానీ దాసన్న చుట్టూ చూశాడు. డబ్బాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఒక ముక్కాలిపీట పొయ్యి దగ్గర దారికి అడ్డంగా ఉంది. గ్యాసు సిలిండరు ఒక మూలకు లేదు, ఒక నడుమకు లేదు. 'పాపం, చూపులేని బిడ్డ. ఈమెకు ఎవరు సర్దుతారు?' అని ఆయన గుండె కరిగింది. అన్ని ఇళ్ళలో కంటే అక్కడ ఒక పాలు ఎక్కువే సర్దాడు. సిలిండరు మూలకు, పీట తలుపు వెనక్కి, డబ్బాలు ఎత్తుల వారీగా. పోతూ పోతూ బూతు దగ్గర నిలబడి, "అంతా అద్దం మాదిరి చేసినానమ్మా" అన్నాడు. రిసీవరు చెవికి పెట్టుకుని ఉన్న శ్రీవిద్య పైపు సంగతేననుకుని సరేనన్నట్టు చెయ్యి ఊపింది.

పిలవని పేరంటంలా ఆ సాయంత్రమే శివప్రసాద్ దిగాడు. అన్నకు కాఫీ పెడదామని శ్రీవిద్య వంటింట్లోకి పోయింది. పీట ఉండాల్సిన చోట లేదు, ఉండకూడని చోట ఉంది. బొటనవేలు గోరు లేచిపోయింది. పళ్ళు బిగించి ఎలాగో కాఫీ కలిపి తెచ్చి ఇచ్చింది. శివప్రసాద్ ఒక గుక్క తాగాడు. నిండా ఉప్పు. ఆయన కేకలేసి ఉంటే ఆమె కూడా కేకలేసి ఉండేది. ఆయన కేకలెయ్యలేదు. చెల్లెలి కాలి నెత్తురు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఇంక చాలమ్మా. ఆరేండ్లు నీ మాట నడిచింది. ఎల్లుండి కాదు, పై ఆదివారం వ్యాను తీసుకొని వస్తా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అన్న పోయాక శ్రీవిద్య కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళి అరల మీద చెయ్యి పెట్టి చూసింది. ఒక్కో డబ్బానూ తడిమేకొద్దీ ఆమెకు సంగతి అర్థమైంది. వెంటనే అన్నకు ఫోన్ చేసి, తప్పు తనది కాదని, పనికి వచ్చినాయన అన్నీ మార్చిపోయాడని చెప్పింది.

"ఈ పొద్దు ఈయన మార్చినాడు, రేపు ఇంగొకడు మారుస్తాడు. పనోల్లు రాకుండా ఇల్లు నడుస్తాదా? నీకు తెలీకుండా ఎవడేది జరిపినా నీకే దెబ్బ. వద్దమ్మా" అన్నాడాయన. ఆ మాటలో నిజముంది. అన్నింటికంటే అదే ఆమెకు మంటెక్కించింది. దాసన్న నంబరు తిప్పింది.

"దాసన్నా, నా ఉప్పు యాడ పెట్టినావు?"

"ఉప్పామ్మా? పెద్ద డబ్బా పక్కన చిన్న డబ్బా వరసగా పెట్టినా గదా. సూడండి, ఎంత బాగా..." అని, అక్కడ ఆగిపోయాడు. ఆగిపోయినంత మాత్రాన పూర్తిగా అర్థమైందనుకునేరు. పది నిమిషాల్లో సైకిలు మీద వచ్చి, గుమ్మంలో నిలబడి, "నేను మంచే చేస్తిని గదమ్మా" అన్నాడు. పైగా చూపు లేనివాళ్ళకు చెవులు కూడా వినబడవన్నట్టు గట్టిగా అరిచి మరీ అన్నాడు.

"నాకు చెవుడు లేదు. నీ సంచి ఇట్లియ్యి" అంది శ్రీవిద్య.

ఇచ్చాడు. ఆమె నేల మీద కూర్చుని సంచిలోవన్నీ బయటికి తీసింది. పెద్దవి అడుగున, చిన్నవి పైన, మేకులన్నీ ఒక పక్క, గుండ్రంగా ఉండేవన్నీ ఇంకో పక్క పొందికగా పెట్టి తిరిగి ఇచ్చింది.

"ఇప్పుడు కండ్లు మూసుకొని టెస్టరు తియ్యి."

దాసన్న నవ్వుకుంటూ కళ్ళు మూసి చెయ్యి పెట్టాడు. కటింగ్ ప్లేయరు వచ్చింది. మళ్ళీ పెట్టాడు. టేపు చుట్ట వచ్చింది. మూడోసారి మేకు గుచ్చుకుంది.

"ఎవురమ్మా నా సంచి పాడుచేసింది!" అని అరిచాడు, ఎదురుగా ఎవరున్నారో కూడా మరిచిపోయి.

"పాడు చెయ్యలేదు దాసన్నా. సర్దినా" అంది ఆమె.

దాసన్న కళ్ళు తెరిచాడు. వేలి మీద నెత్తురు బొట్టు చూసుకున్నాడు. తర్వాత ఆమె కాలి వేలికి కట్టిన గుడ్డ చూశాడు. ఆ మనిషికి అంత సిగ్గు జన్మలో ఎప్పుడూ వెయ్యలేదు. పై ఆదివారం ఇంటికి తాళం పడుతుందని కూడా ఆమె చెప్పేసరికి గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాడు. విశ్వాసమ్మ అంతా విని, "ఆ సావుకారికి నువ్వే పోయి చెప్పు" అంది.

"దసరాకు అమ్మవారిశాల వైరింగు పనంతా ఆయన చేతిలోనే ఉండాది మే. 'ఇంట్లోకి రానిస్తే దెబ్బ తగిలిచ్చినోడు' అని పేరు పడితే ఆ వీధిలో ఇంగెవురు పిలుస్తారు?"

"మన చర్చి గుడిలో మోకాళ్ళేసి దేవునికి చెప్పుకుంటావు గదా. దేవునికి దెబ్బ తగల్లేదు. తగిలినామె అన్నకు చెప్పు" అని ఆవిడ చెయ్యి కడుక్కుని లేచింది. విశ్వాసమ్మ మాట ఎప్పుడూ అంతే, ఉలి దెబ్బ.

మర్నాడు పొద్దున్నే దాసన్న శ్రీవిద్య ఇంటికి పోయి చెప్పిన చోటల్లా చెప్పిన వస్తువు పెట్టాడు. పీట పొయ్యికి జానెడు దూరంలో, సిలిండరు మూలకు మూరెడు ఇవతల. అప్పుడు తెలిసింది ఆయనకు, ముందురోజు తను చూసింది చిందరవందర కాదని. పొయ్యి దగ్గర నిలబడితే చెయ్యి చాచినంతలో ఏది ఎప్పుడు కావాలో అది ఉంది. అచ్చం తన సంచి. ఈసారి మరిచిపోకూడదని జేబులోంచి సుద్దముక్క తీసి, పీట మూడు కాళ్ళ చుట్టూ మూడు సున్నాలు చుట్టాడు. సిలిండరు చుట్టూ ఒకటి, డబ్బాల కింద అరల మీద తలా ఒకటి. గోడకు బెజ్జం వేసేముందు సుద్దతో గుర్తు పెట్టుకోవడం పనివాడికి అలవాటే. వస్తువు కదిలించేముందు గుర్తు పెట్టుకోవచ్చని మాత్రం అంతవరకూ తట్టలేదు.

"నా మాదిరి ఇబ్బంది పడేటోళ్ళు ఈ ఊర్లో ఇంకా శానామంది ఉండారు దాసన్నా" అంది శ్రీవిద్య. "కుట్టుమిషను సిద్దమ్మ నీ మీద ఎంత కోపంగా ఉండాదో తెలుసా?"

సిద్దమ్మ పుట్టుచెవిటిది. నెల కిందట ఆమె ఫ్యాను బాగుచెయ్యడానికి పోయి దాసన్న పావుగంట తలుపు కొట్టి, ఎవరూ లేరనుకుని వచ్చేశాడు. ఆమేమో లోపల బట్టలు కుట్టుకుంటూ, దాసన్న మాట తప్పాడని సాయంత్రం దాకా తిట్టుకుంది. అలాగే చిన్నచౌకులో గిడ్డయ్య ఉన్నాడు. పోలియో కాళ్ళు, నేల మీద జరుగుతూ తలుపు దాకా వచ్చేసరికి పనివాళ్ళు రెండుసార్లు కొట్టి వెళ్ళిపోయేవాళ్ళు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడంటారా, అనండి. ఆ వారమంతా దాసన్న ఆకులు గట్టిగానే పట్టుకున్నాడు. సిద్దమ్మ గుమ్మం బయట ఒక స్విచ్చి పెట్టి, మిషను ఎదురుగా గోడకు ఎర్ర బల్బు బిగించాడు. ఎవరైనా బయట నొక్కితే లోపల బల్బు వెలుగుతుంది. సిద్దమ్మ ఆ రోజు కుట్టుడు మానేసి, పక్కింటివాళ్ళందరి చేతా స్విచ్చి నొక్కించి నవ్వుతూ కూర్చుంది. గిడ్డయ్య ఇంట్లో స్విచ్చులన్నీ నేల మీద కూర్చున్నా అందే ఎత్తుకు దించాడు. "నువ్వు నిదానంగా రాప్పా, నేను నీ గుమ్మంలో బీడీ తాగుతాంటా" అని కిటికీలోంచి చెప్పి కూర్చున్నాడు. ఇక ఏ ఇంటికి పోయినా ముందు ఒకటే ప్రశ్న: "ఏది జరపొచ్చు, ఏది జరపగూడదు?" సుద్దతో గుర్తు పెట్టడం, తీసింది తీసిన చోటే పెట్టడం, పోయేముందు ఇంటివాళ్ళ చేత ఒకసారి చూపించుకోవడం. చూపు లేనివాళ్ళయితే చేత్తోనే చూసుకునేవాళ్ళు. సర్దుడు మానేసినందుకు వీధి ఆడవాళ్ళు మాత్రం, "ఏమప్పా దాసన్నా, ఒళ్ళు బరువెక్కిందా?" అని మూతి తిప్పారు. కొందరు మగవాళ్ళు లోలోపల సంతోషించారని చెప్పుకున్నారు.

ఇన్ని చేసినా ఆదివారం రానే వచ్చింది.

పెళ్ళయినప్పటి నుంచి దాసన్న ఆదివారం ఆరాధన తప్పింది లేదు. ఆ రోజు గుడి గంట వినబడుతుండగా తెల్ల చొక్కా వేసుకుని, సంచి లేకుండా, విశ్వాసమ్మను వెంటబెట్టుకుని అమ్మవారిశాల వీధికి నడిచాడు. వాళ్ళు పోయేసరికి వ్యాను వాకిట్లోనే ఉంది. ఇద్దరు కూలీలు మంచం, బీరువా, ముక్కాలిపీట ఎక్కించేశారు. శ్రీవిద్య బూతులో ఫోను మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. ఖాళీ అయిన ఇంట్లో అడుగుల చప్పుడు మారిపోయింది. తన ఇల్లు తనకే తెలియకుండా పోతుంటే ఆమె ముఖం పాలిపోయింది.

"సావుకారీ, నా పేరు దాసన్న. మీ చెల్లెలు కాలికి దెబ్బ తగలడానికి నేనే కారణం. మీరు తాగిన ఉప్పు కాఫీ గూడా నా చేతి పనే" అన్నాడు దాసన్న. పొద్దుటి నుంచి కూడగట్టుకున్న ధైర్యమంతా ఆ రెండు మాటలకే సరిపోయింది.

శివప్రసాద్ ఆయన్ను ఎగాదిగా చూశాడు. "అమ్మవారిశాల వైరింగు చేసే దాసన్నవు నువ్వే గదా?"

"నేనే. ఈ యేడు ఇస్తారో ఇయ్యరో మీ ఇష్టం."

"తప్పు నీదే అనుకుందాం. రేపు ఇంకొకడొస్తాడు. వానికి కూడా నువ్వే చెప్తావా?"

దాసన్న శివప్రసాద్ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయాడు. సావుకారి చెయ్యి పట్టుకుని లాక్కుపోవడం ఏ లెక్కన చూసినా మర్యాద కాదు. అది ఆయనకు తర్వాత గుర్తొచ్చి చెమట పట్టింది. వంటిల్లు బోసిగా ఉంది. నేల మీద పీట లేదు గానీ, పీట కాళ్ళు ఉన్న చోట మూడు సుద్ద సున్నాలు ఉన్నాయి. మూలకు కాస్త ఇవతల సిలిండరు సున్నా. అరల మీద డబ్బాలు తీసేసిన చోటల్లా చిన్నా పెద్దా సున్నాలు.

"ఏమిది? ముగ్గా?" అన్నాడు శివప్రసాద్.

వెనకే శ్రీవిద్య వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "దాసన్న పెట్టినాడు. తుడిచేస్తానంటే నేనే వద్దన్నా. ఈ గుర్తులు నా కోసం కాదన్నా, నాకెందుకు గుర్తులు? కండ్లుండే వాళ్ళ కోసం. ఇంక ఎవరొచ్చినా తీసింది యాడ పెట్టల్లో వాళ్ళకు కనపడతాది." అన్న వైపు తిరిగి అడిగింది. "ఆరేండ్లలో నా చేతి కాఫీ ఎన్నిసార్లు తాగింటావు? ఒక్కనాడన్నా ఉప్పు పడిందా? ఆ పొద్దు ఎందుకు పడిందని నన్ను ఒక్క మాట అడిగింటే చెప్తుంటి గదా. నువ్వు నా కండ్లే చూసినావు గానీ నన్ను అడగలేదు."

శివప్రసాద్ ఒక అరను వేలితో తాకాడు. అక్కడ సున్నా చిన్నది, తల్లి కాలం నాటి ఉప్పు డబ్బాది. దాని పక్కది చక్కెర డబ్బాది. ఆ డబ్బాలు తన చిన్నప్పుడు కూడా ఇలాగే ఉండేవని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. గిరుక్కున తిరిగి బయటికి నడిచాడు.

దాసన్న 'అయిపోయింది, తాళం వేస్తాడు' అనుకున్నాడు. వాకిట్లో కూలీలు ఏదో అడగడం, శివప్రసాద్ కసురుకోవడం వినబడింది. విశ్వాసమ్మ తలుపు దగ్గర నిలబడి కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. గుడికి పోకపోయినా ప్రార్థన మాత్రం ఆమె తప్పించలేదు.

శివప్రసాద్ తిరిగి వచ్చాడు. చేతిలో ముక్కాలిపీట ఉంది. ప్రొద్దుటూరులో మంచినీళ్ళ చెంబు కూడా తన చేత్తో ఎత్తని మనిషి, పంచె ఎగగట్టి, వంటింటి నేల మీద ఒంగి, ఆ మూడు సుద్ద సున్నాల్లో మూడు కాళ్ళూ పడేటట్టు పీటను పెట్టాడు. "మంచం గూడా దించండప్పా" అని బయటికి కేకేశాడు.

శ్రీవిద్య కుంటుతూనే వచ్చి కాలి మడమతో పీటను తాకి చూసింది. ముఖం నిండా నవ్వొచ్చింది.

"రవ్వంత ఎడమకన్నా."

ఆయన మళ్ళీ ఒంగి జరిపాడు.